చదువు ఎంపిక: ఉపాధి చింత, సంకల్ప శుద్ధి

ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన వారం అది. ఇషా నమాజు ముగిసి మసీదు దాదాపుగా ఖాళీ అయింది. వజూఖానా దగ్గర ఒక పెద్దమనిషి కొడుకును పక్కన నిలబెట్టుకుని నాకోసం ఎదురుచూస్తున్నారు. ఆయనది పరుపుల షాపు. తాతల నాటి నుంచి దూది ఏకే వృత్తి.

"మౌలానా సాబ్, వీడికి మీరైనా నచ్చజెప్పండి. ఎం.పి.సి.లో మంచి మార్కులు వచ్చాయి. కంప్యూటర్ సైన్సులో సీటు వచ్చేలా ఉంది. వీడేమో బి.ఏ.లో చేరి తెలుగు చదువుతానంటున్నాడు. తెలుగు చదివి ఏం తింటాడు?" అన్నారాయన.

కుర్రవాడు తల వంచుకునే మెల్లగా జవాబిచ్చాడు. "అబ్బా, లెక్కలు నేను బట్టీపట్టి రాశాను. మీకూ తెలుసు. తెలుగు పాఠమైతే నేను ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పగలను."

నేను వెంటనే అలవాటైన మాట అనేశాను. "భాయ్ సాబ్, ఉపాధినిచ్చేవాడు అల్లాహ్. దానికి ఇంత దిగులెందుకు?"

ఆయన నొచ్చుకోలేదు. నెమ్మదిగానే అన్నారు. "నిజమే మౌలానా సాబ్, ఇచ్చేవాడు అల్లాహ్‌యే. కానీ మీ జీతం కమిటీ ఇస్తుంది. నా షాపు అద్దె నేనే కట్టాలి. స్పాంజి పరుపులు వచ్చాక మా పని ఏమైపోయిందో మీరు చూశారు. నేను పడిన బాధ వీడు పడకూడదని నా ఆరాటం."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. "రేపు మాట్లాడుకుందాం" అని పంపించాను. ఇంటికి వచ్చాక చాలాసేపు ఆలోచించాను. నేను చెప్పింది సత్యమే. కానీ ఆ సత్యాన్ని ఆయన బాధ వినకుండా ఉండడానికి వాడుకున్నానా? సంపాదన దృష్టిలో పెట్టుకుని చదువును ఎంచుకోవడం విశ్వాసికి తగునా? తగదంటే పేదవాడు ఏం చేయాలి? తగునంటే దానికి హద్దు ఎక్కడ? ఏటా వేసవిలో మన ఇళ్ళలో తలెత్తే ఈ ప్రశ్నను ధర్మం వెలుగులో పరిశీలిద్దాం.

ఉపాధి గురించి ఆలోచించడం తప్పా?

ముమ్మాటికీ కాదు. ఇస్లామ్ సన్యాసాన్ని బోధించలేదు. అల్లాహ్ ఇచ్చిన దానితో పరలోక గృహాన్ని అన్వేషించమని, అదే సమయంలో ఇహలోకంలోని తన వాటాను మరచిపోవద్దని ఖసస్ సూరా బోధిస్తోంది. హజ్రత్ దావూద్ (అలై) ప్రవక్త, పైగా రాజు. అయినా కవచాలు తయారుచేసే విద్యను అల్లాహ్ ఆయనకు నేర్పినట్లు ఖుర్ఆన్ తెలియజేస్తోంది. ఆయన తన చేతి కష్టం మీదనే తినేవారని దైవప్రవక్త (స) తెలిపారు. హజ్రత్ జకరియ్యా (అలై) వడ్రంగి అని సహీహ్ ముస్లిమ్‌లో ఉంది. చేతిపని చేసుకుని బతకడంలో ప్రవక్తలకే లేని నామోషీ మనకెందుకు?

హజ్రత్ కఅబ్ బిన్ ఉజ్రా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఇక్కడ చాలా ముఖ్యమైనది. ఒక వ్యక్తి ఎంతో చురుకుగా, ఉత్సాహంగా పని మీద వెళ్తుంటే చూసి సహాబాలు, ఈ చురుకుదనం అల్లాహ్ మార్గంలో ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నారు. దానికి దైవప్రవక్త (స) ఇచ్చిన సమాధానం సారాంశం ఇది: అతను తన చిన్నపిల్లల కోసం బయలుదేరి ఉంటే అది అల్లాహ్ మార్గమే. వృద్ధులైన తల్లిదండ్రుల కోసమైనా అది అల్లాహ్ మార్గమే. ఇతరుల ముందు చేయి చాచకుండా ఉండడం కోసమైనా అల్లాహ్ మార్గమే. గొప్పలు చెప్పుకోవడానికి, ఇతరుల ముందు ప్రదర్శించుకోవడానికి బయలుదేరితే మాత్రం అది షైతాను మార్గం.

సోదరులారా, గమనించండి. నలుగురూ ఒకే బజారుకు వెళ్ళవచ్చు. ఒకే పని చేయవచ్చు. ఒకే కూలి తెచ్చుకోవచ్చు. కానీ అల్లాహ్ దగ్గర వారి లెక్క ఒకటి కాదు. ఒకే కాలేజీలో, ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు విద్యార్థుల సంగతి కూడా ఇంతే. ఒకడు అప్పుల్లో ఉన్న తండ్రి భారం దించాలని చదువుతాడు. మరొకడు పెదనాన్నగారి అబ్బాయి అమెరికా వెళ్ళాడు కాబట్టి తానూ వెళ్ళాలని, పెళ్ళి సంబంధాల్లో రేటు పెరుగుతుందని చదువుతాడు. పట్టా మీద తేడా కనిపించదు. తీర్పుదినాన కనిపిస్తుంది.

కాబట్టి ఆ పరుపుల షాపు భాయ్ సాబ్ దిగులు ఈమాన్ బలహీనత కాదు. కొడుకు పస్తు పడుకోకూడదనుకునే తండ్రి తపన అది. అల్లాహ్ మీద భారం వేయడమంటే ఒంటెను విప్పి వదిలేయడం కాదని, ముందు దాన్ని కట్టాలని దైవప్రవక్త (స) నేర్పారు. నేను ఆ రాత్రి ఆయనకు తవక్కుల్‌లో రెండో సగమే చెప్పాను. మొదటి సగం ఆయన నాకు గుర్తుచేశారు.

రేపటి గిరాకీ ఎవరికి తెలుసు?

అయితే ఉపాధి కోసం ఆలోచించడం వేరు, ఉపాధిని మనమే నిర్ణయించగలమని అనుకోవడం వేరు. రేపు తానేమి సంపాదిస్తాడో ఏ ప్రాణికీ తెలియదని లుఖ్మాన్ సూరా చివరి ఆయతు హెచ్చరిస్తోంది. దీన్ని మన కళ్ళ ముందు జరిగిన చరిత్రతో పోల్చి చూడండి.

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఊరూరా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలిశాయి. ఎం.సి.ఏ. చదివితే చాలు జీవితం స్థిరపడినట్లే అనుకున్నారు. 2001 నాటికి అమెరికాలో సాఫ్ట్‌వేర్ వ్యాపారం ఒక్కసారిగా కుదేలైంది. ఎంతోమంది ఉద్యోగాలు పోగొట్టుకుని తిరిగివచ్చారు. మళ్ళీ పుంజుకుంది. 2008లో ఆర్థిక మాంద్యం వచ్చింది. మళ్ళీ కోలుకుంది. 2022, 2023 సంవత్సరాలలో ప్రపంచంలోని పెద్ద పెద్ద సాంకేతిక సంస్థలే వేలాదిమందిని తొలగించాయి. ఇప్పుడు ప్రోగ్రాములు రాసే పనిలో కొంత భాగాన్ని యంత్రమే చేస్తోంది.

కంప్యూటర్ చదువు చెడ్డదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఆ చదువుతో గౌరవంగా బతుకుతున్న ముస్లిమ్ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టం ద్వారా వచ్చిన బి.సి.-ఇ 4 శాతం రిజర్వేషన్, 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల రిక్షా తొక్కే తండ్రుల పిల్లలు కూడా ఇంజినీర్లయ్యారు. అది అల్లాహ్ అనుగ్రహం. దాన్ని తక్కువ చేయకూడదు. నేను చెప్పదలచింది ఒక్కటే. చదువులో చేరిన రోజు ఉన్న గిరాకీ నాలుగేళ్ళ తరువాత ఉంటుందన్న హామీ లేదు. పైగా అందరూ ఒకే తలుపు వైపు పరుగెత్తితే ఆ తలుపు దగ్గరే తొక్కిసలాట జరుగుతుంది. చేతులు పెరిగేకొద్దీ కూలి తగ్గుతుంది. సంతలో ఏ రైతును అడిగినా ఈ సంగతి చెబుతాడు. పక్క పొలంలో మిర్చికి ధర వచ్చిందని ఊరంతా మిర్చి వేస్తే ఏమవుతుందో గుంటూరు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

అలాగని బి.ఏ. తెలుగు భద్రమైనదనీ చెప్పలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డి.ఎస్.సి. తరువాత తదుపరి డి.ఎస్.సి. పరీక్షలు 2025లోగానీ జరగలేదు. మధ్యలో ఏడేళ్ళు గడిచాయి. ఉపాధ్యాయ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వయసు మీరినవారు మన బంధువుల్లోనే ఉంటారు. అంటే ఏ చదువైనా అనిశ్చితమే. అన్నీ అనిశ్చితమైనప్పుడు కేవలం గిరాకీ అనే ఒక్క తూనికరాయితో తూచడం తెలివైన పని కాదు. తక్కెడలో ఇంకా రెండు రాళ్ళు వేయాలి. ఒకటి సమాజ అవసరం. రెండోది పిల్లవాడి సహజ సామర్థ్యం.

ఇమామ్ గజాలీ ఆవేదన

ఇమామ్ గజాలీ (రహ్మలై) హిజ్రీ 505, అంటే క్రీ.శ. 1111లో పరమపదించారు. ఆయన తన ప్రసిద్ధ గ్రంథం 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో విద్యను గురించిన అధ్యాయంలో ఒక చేదు నిజం రాశారు. దాని సారాంశం ఇది. ఎన్నో పట్టణాలలో ముస్లిమ్ వైద్యుడన్నవాడే లేడు. వైద్యం ఫర్జె కిఫాయా. అంటే సమాజంలో కొందరైనా నెరవేర్చాల్సిన విధి. ఎవ్వరూ నెరవేర్చకపోతే అందరూ దోషులే. అయినా దాని వైపు ఎవరూ వెళ్ళడం లేదు. అప్పటికే ఆ పట్టణాల నిండా ఫిఖ్‌హ్ పండితులున్నా జనం మళ్ళీ ఫిఖ్‌హ్ వాదవివాదాల వైపే ఎగబడుతున్నారు. కారణమేమిటి? వక్ఫు ఆస్తుల మీద, అనాథల ధనం మీద అజమాయిషీ, ఖాజీ పదవి, పాలకుల దగ్గర పలుకుబడి వైద్యంతో రావు, ఫిఖ్‌హ్‌తో వస్తాయి.

చదువరులారా, ఆలోచించండి. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ క్రితం కూడా జనం "ఏ కోర్సుకు గిరాకీ ఉంది?" అనే చూశారు. కాకపోతే ఆనాడు ఆ గిరాకీ ఉన్న కోర్సు మా చదువే! ధార్మిక విద్య అయినంత మాత్రాన సంకల్పం దానంతటదే శుద్ధమైపోదని ఇమామ్ గారు మాలాంటివారినే ముందుగా హెచ్చరించారు. అల్లాహ్ ప్రసన్నత కోసం నేర్వవలసిన జ్ఞానాన్ని కేవలం ప్రాపంచిక లాభం కోసం నేర్చినవాడు స్వర్గపు పరిమళాన్ని కూడా ఆఘ్రాణించలేడన్న భావం గల హదీసు అబూదావూద్‌లో ఉంది. చదువు పేరు ఏదైనా సరే, ప్రశ్న ఒకటే: ఎందుకు చదువుతున్నావు?

విశ్వాసులందరూ ఒకే పని మీద మూకుమ్మడిగా బయలుదేరడం తగదని, ప్రతి వర్గం నుంచి కొందరు ధర్మావగాహన కోసం నిలవాలని తౌబా సూరా సూచిస్తోంది. పనులను పంచుకోవడమనే సూత్రం ఇందులో ఉంది. మరి నేడు మన సమాజంలో ఏ పనులు నిలిచిపోయాయి? 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం ఐ.ఏ.ఎస్. అధికారుల్లో ముస్లిములు 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. అది పాత లెక్కే. కానీ ఇప్పటికీ మన వీధిలో మనమే లెక్కపెట్టుకోవచ్చు. కోర్టు నోటీసు వస్తే చదివి చెప్పే ముస్లిమ్ వకీలు ఎంతమంది? వక్ఫు కాగితాలు చూడగల సర్వేయర్లు ఎంతమంది? జిల్లా పత్రికలో మన గురించి తప్పు వార్త వస్తే మంచి తెలుగులో సమాధానం రాయగలవారు ఎంతమంది?

ఈ చివరి మాట దగ్గర నేనే సిగ్గుపడ్డాను. నేను ఉర్దూలో చదువుకున్నాను. నాకు తెలుగు ఇంట్లో, బజారులో వచ్చింది. జుమా ఖుత్బాకు ముందు తెలుగులో ప్రసంగించాలంటే మాటలు వెతుక్కోవడం నాకు అలవాటే. తెలుగులో ఖుర్ఆన్ అనువదించిన తొలి తరంలో చిలుకూరి నారాయణరావు గారి పేరు వినిపిస్తుంది. ఆయన ముస్లిమ్ కాదు, తెలుగు పండితులు. ఆయన శ్రమను గౌరవించాల్సిందే. కానీ కొన్ని శతాబ్దాలుగా తెలుగు నేల మీద బతుకుతున్న మనం ఆ పనికి ఎప్పుడు పూనుకున్నామన్న ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి. మరి తెలుగు చదువుతానన్న ముస్లిమ్ కుర్రవాణ్ణి మనం పిచ్చివాడిలా చూస్తున్నాం!

ఆడపిల్లల విషయంలో మన ధోరణి మరీ విచిత్రం. ఇంట్లో కాన్పు అంటే లేడీ డాక్టరే కావాలంటాం. నర్సు కూడా స్త్రీయే అయితే బాగుండునంటాం. ఇది న్యాయమైన కోరికే. కానీ కూతురు బై.పి.సి. తీసుకుంటానంటే "ఎందుకమ్మా, ఎలాగూ పెళ్ళి చేస్తాం" అంటాం. ప్రతి ఇంటివాడూ తన కూతురు తప్ప ఎవరో ఒకరి కూతురు డాక్టరు కావాలనుకుంటే ఆ డాక్టరు ఎక్కడి నుంచి వస్తుంది? హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు రాత నేర్పారు. హజ్రత్ ఆయిషా (రజి)కు వైద్యం గురించి ఎంతో తెలుసు. పరదా మన స్త్రీలకు గౌరవం. అది వారి విద్యకు అడ్డుగోడ కాకూడదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మన ఇళ్ళలో తెలివైన కొడుకును ఇంజినీరింగుకు, చదువు రానివాణ్ణి మదర్సాకు పంపే ఆచారం ఉంది. తరువాత "ఇమాములకు లోకజ్ఞానం లేదు" అని ఫిర్యాదు చేస్తాం. అల్లాహ్ గ్రంథానికి మిగిలిపోయినదాన్ని ఇచ్చి, గొప్ప ఫలితం ఆశించడం ఏమి న్యాయం?

ఎవరికి ఏది సులభమో

ప్రతి ఒక్కరికీ తాను దేనికోసం పుట్టించబడ్డాడో అది సులభం చేయబడుతుందన్న భావం గల ప్రవక్త వచనం బుఖారీ, ముస్లిమ్ గ్రంథాలలో ఉంది. ఆ హదీసు విధివ్రాతను గురించి చెప్పబడింది. అయినా పిల్లల పెంపకంలో కూడా అది మనకు వెలుగునిస్తుంది. హాఫిజ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మలై) పిల్లల పెంపకం మీద రాసిన 'తుహ్‌ఫతుల్ మౌదూద్'లో ఇదే విషయాన్ని నొక్కిచెప్పారు. పిల్లవాడు ఏ పనికి సిద్ధం చేయబడ్డాడో గమనించాలని, ధర్మసమ్మతమైనదైతే దాని నుంచి మళ్ళించి వేరేదాని మీదికి బలవంతంగా నెట్టకూడదని, అలా నెడితే అతను దానిలోనూ రాణించడు, తనకు సిద్ధించినదీ పోగొట్టుకుంటాడని ఆయన అభిప్రాయం. ఇమామ్ షాతిబీ (రహ్మలై) 'అల్ మువాఫఖాత్'లో దీన్ని ఫర్జె కిఫాయాతో ముడిపెట్టారు. పిల్లలలో వేరువేరు సామర్థ్యాలను అల్లాహ్ ఉంచింది సమాజపు వేరువేరు అవసరాలు తీరడానికేనని, పెద్దలు ఎవరి సామర్థ్యాన్ని బట్టి వారిని పెంచాలని ఆయన వివరించారు.

దైవప్రవక్త (స) ఆచరణ ఎలా ఉండేదో చూడండి. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) బాల్యంలోనే చురుకైన జ్ఞాపకశక్తి గలవారు. యూదులతో ఉత్తరప్రత్యుత్తరాలకు నమ్మకమైన మనిషి కావలసి వచ్చినప్పుడు వారి లిపి నేర్చుకోమని ప్రవక్త (స) ఆయనకే చెప్పారు. ఆయన పక్షం రోజులలోనే నేర్చుకున్నారు. అవసరం, సామర్థ్యం రెండూ ఒకచోట కలిసిన ఉదాహరణ ఇది. మరోవైపు హజ్రత్ అబూజర్ (రజి) అధికార బాధ్యత కోరినప్పుడు, నీవు ఈ విషయంలో బలహీనుడివి, ఇది అమానతు అని నచ్చజెప్పి వారించారు. అబూజర్ (రజి) భక్తిలో ఎవరికీ తీసిపోరు. ఆయన మీద ప్రవక్త (స)కు ఎంతో ప్రేమ. అయినా ప్రేమించిన మనిషికి తగని పనిని అప్పగించలేదు. ప్రేమంటే ఇది. మనమేమో ప్రేమ పేరుతోనే తగని పనిని పిల్లల నెత్తిన పెడుతున్నాం.

మరి తల్లిదండ్రుల మాట వినడం? అది చాలా పెద్ద బాధ్యత. వారి ముందు గొంతు పెంచడానికి కూడా మనకు హక్కు లేదు. అయితే హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి)కు ఆమె తండ్రి ఆమె ఇష్టం లేకుండా నికాహ్ జరిపిస్తే, ఆమె ఫిర్యాదు విని దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. జీవిత భాగస్వామి విషయంలో ఇష్టానికి ఇంత విలువ ఉంటే, నలభై ఏళ్ళపాటు రోజుకు ఎనిమిది గంటలు చేయవలసిన పని విషయంలో అసలు విలువే లేదని ఎలా అంటాం? తల్లిదండ్రులకు సలహా ఇచ్చే హక్కు ఉంది. అడ్డుపడి వివరం అడిగే హక్కు ఉంది. పిల్లలకు వినయంగా తమ మాట చెప్పుకునే హక్కు ఉంది.

పిల్లలు కూడా నిజాయితీగా ఉండాలి. "నాకిష్టం" అన్న ప్రతిదీ సామర్థ్యం కాదు. కష్టం నుంచి తప్పించుకోవడానికి వెతుక్కున్న దారికి కూడా ఇష్టమనే పేరు పెడతాం. ఇంటి దగ్గర అప్పుందని తెలిసీ, దాన్ని తీర్చే మార్గం ఆలోచించకుండా నా ఇష్టమే నాకు ముఖ్యమనేవాడు సంకల్పాన్ని మరోసారి చూసుకోవాలి.

దాటరాని హద్దు

పైన చెప్పినవన్నీ ధర్మసమ్మతమైన చదువులు, వృత్తుల మధ్య ఎంపికకు సంబంధించినవి. హరామ్ విషయంలో ఎంపిక లేదు. వడ్డీ తినేవాణ్ణి, ఇచ్చేవాణ్ణి, దాని పత్రం రాసేవాణ్ణి, సాక్షులను దైవప్రవక్త (స) శపించారని సహీహ్ ముస్లిమ్‌లో ఉంది. కాబట్టి కామర్స్ చదవడం తప్పు కాదు. లెక్కలు, ఆడిట్, వ్యాపార నిర్వహణ మనకు ఎంతో అవసరం. కానీ ఆ చదువుతో ఏ కుర్చీలో కూర్చోబోతున్నామో ముందే ఆలోచించుకోవాలి. చదువు కోసం వడ్డీ అప్పు తీసుకునే ముందు మీ దగ్గరి ముఫ్తీ గారికి మీ పరిస్థితి మొత్తం చెప్పి అడగండి. ఎవరో చేశారని మీరూ చేయకండి. దొంగ సర్టిఫికెట్లు, కాపీ కొట్టి తెచ్చుకున్న మార్కులు, తప్పుడు ఆదాయ ధ్రువపత్రాలు ఇవన్నీ మోసమే. వాటితో వచ్చిన సీటు ఒక అర్హుడి నుంచి లాక్కున్న హక్కు.

సలహా ఇచ్చేవాడి బాధ్యత

ఆ రాత్రి ఆలోచిస్తుంటే నాకు హజ్రత్ ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) బాల్యం గుర్తొచ్చింది. చరిత్ర గ్రంథాలలో వచ్చిన ఒక ఉల్లేఖనం ప్రకారం, ఆయన పేదరికంలోనే ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) సభలో చదువుకునేవారు. ఒకరోజు తండ్రి వచ్చి ఆయనను వెంట తీసుకెళ్ళారు. అబూ హనీఫా కలిగినవారు, ఆయనకు రొట్టెకు లోటు లేదు, నీకు బతుకుతెరువు కావాలి, ఆయనతో సమానంగా కూర్చోవడం నీకు కుదరదని నచ్చజెప్పారు. అబూ యూసుఫ్ తండ్రి మాట విని సభకు రావడం తగ్గించారు.

శిష్యుడు కనిపించకపోయేసరికి ఇమామ్ గారు ఆరా తీశారు. విషయం తెలిసింది. అప్పుడాయన ఏం చేశారు? "ఉపాధి అల్లాహ్ చేతిలో ఉంది" అని ప్రసంగించలేదు. తండ్రిని తప్పుపట్టలేదు. అందరూ వెళ్ళేదాకా ఆగి ఒక సంచి చేతిలో పెట్టారు. అందులో నూరు దిర్హములున్నాయి. అయిపోతే చెప్పమన్నారు. ఆ తరువాత అయిపోయిందని చెప్పకముందే మళ్ళీ ఇస్తూ వచ్చారు. ఆ పేద విద్యార్థియే తరువాతి కాలంలో ఖలీఫా హారూన్ రషీద్ హయాములో ప్రధాన ఖాజీ అయ్యారు.

ఈ సంఘటనలో తండ్రి మాటా నిజమే, గురువు ఆశా నిజమే. రెంటి మధ్య ఉన్న గుంతను పూడ్చింది ఆ నూరు దిర్హములు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) స్వయంగా వస్త్ర వ్యాపారి. ఆయన సంపాదన మరొకరి చదువుకు దారి అయింది. పరుపుల షాపు భాయ్ సాబ్ నాతో అన్న మాటలో ఉన్నది ఇదే. మౌలానా సాబ్, మీ సలహా ఖరీదు ఎవరు చెల్లించాలి?

"సమాజానికి వకీళ్ళు కావాలి, పాత్రికేయులు కావాలి, ఆలిములు కావాలి" అని మింబరు మీద నుంచి చెప్పడం సులభం. ఆ భారాన్ని పేదవాడి కొడుకు నెత్తిన ఒక్కడి మీదే పెట్టడం న్యాయం కాదు. ఫర్జె కిఫాయా అంటే కొందరు పని చేస్తారు, మిగిలినవారు వారిని నిలబెడతారు అని కూడా అర్థం. వలీమా విందుకు లక్షలు ఖర్చు చేసే ఊరిలో ఒక విద్యార్థి డిగ్రీ ఫీజుకు చందా దొరకకపోతే లోపం ఆ విద్యార్థిలో లేదు. అర్హులైన పేద విద్యార్థులకు జకాత్, మిగిలినవారికి సదఖా, కలిగినవారికి ఖర్జె హసనా (వడ్డీ లేని అప్పు) ఇచ్చే ఏర్పాటు ప్రతి మసీదు కమిటీ చేయవచ్చు. ఇమాముకు కుటుంబం గడిచేంత జీతం ఇవ్వడం కూడా ఇందులో భాగమే. అప్పుడే తెలివైన పిల్లవాడి తండ్రి అతణ్ణి మదర్సాకు పంపడానికి జంకడు.

ఎలా నిర్ణయించుకోవాలి?

మొదట, తండ్రీకొడుకులు, తల్లీకూతుళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకోండి. ఇంటి అప్పు ఎంతో, ఎన్నేళ్ళు చదివించగలరో పిల్లలకు దాచకుండా చెప్పండి. పదిహేడేళ్ళవాడు అర్థం చేసుకోగలడు.

రెండు, మష్వరా చేయండి. విశ్వాసుల వ్యవహారాలు సంప్రదింపులతో జరుగుతాయని షూరా సూరా ప్రశంసిస్తోంది. ఆ కోర్సు చదివి నాలుగైదేళ్ళయినవారిని, ఆ పాఠాలు చెప్పే అధ్యాపకులను అడగండి. సీటు నిండితే లాభం పొందే కాలేజీ ఏజెంటు మాట చివరగా వినండి.

మూడు, చదువుతోపాటు చేతిలో ఒక పని ఉండేలా చూడండి. కుట్టుపని, కరెంటు పని, టైపింగు, ట్యూషన్లు ఏదైనా సరే. హలాల్ కూలిలో నామోషీ లేదు.

నాలుగు, ఇస్తిఖారా చేయండి. చాలామంది ఇస్తిఖారా అంటే కలలో పచ్చరంగు, ఎర్రరంగు కనిపించడమనుకుంటారు. హదీసులో అలాంటి షరతు లేదు. విచారించి, సంప్రదించి, ఒక నిర్ణయం వైపు మొగ్గి, ఇందులో మేలుంటే సులభం చేయమని, కీడుంటే దూరం చేసి మేలు ఎక్కడుంటే అక్కడికి చేర్చి దానితో సంతృప్తినివ్వమని అల్లాహ్‌ను వేడుకోవడమే ఇస్తిఖారా. చివరి కోరికను గమనించండి. మేలు దొరకడమే కాదు, దొరికినదానితో మనసు నిండడం కూడా అడుగుతున్నాం. ఈ రెండోది ఏ కాలేజీ ఇవ్వలేదు.

మరుసటి రాత్రి ఆ తండ్రీకొడుకులు మళ్ళీ వచ్చారు. ముందుగా నేను భాయ్ సాబ్‌కు క్షమాపణ చెప్పుకున్నాను. తరువాత మూడు దఫాలుగా కూర్చుని మాట్లాడుకున్నాం. కుర్రవాడు తెలుగు మేజరుగా డిగ్రీలో చేరాడు. ఆ తరువాత బి.ఇడి. చేయాలని, ఈలోగా సాయంత్రాలు షాపులో కూర్చోవాలని, వీధి పిల్లలకు ట్యూషన్ చెప్పి తన ఖర్చులు తాను చూసుకోవాలని తండ్రి షరతు పెట్టారు. కొడుకు ఒప్పుకున్నాడు. మొదటి ఏడాది ఫీజు మసీదుకు వచ్చే నలుగురు కలిసి కట్టారు. అందులో నా వాటా కూడా ఉంది. సలహా ఇచ్చినవాడిగా అది నా మీద ఉన్న బాకీ అనుకున్నాను.

ఆ కుర్రవాడు రేపు ఏమవుతాడో నాకు తెలియదు. కంప్యూటర్ సైన్సులో చేరి ఉంటే ఇంతకన్నా ఎక్కువ సంపాదించేవాడేమో కూడా. ఆ లెక్క అల్లాహ్‌కే తెలుసు. తండ్రి దిగులు పూర్తిగా పోలేదు. వెళ్తూ వెళ్తూ, "దుఆ చేయండి మౌలానా సాబ్" అన్నారు. ఈసారి నేను వేరే మాటేమీ అనలేదు. చేతులెత్తాను.

ఓ అల్లాహ్! మా పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, ధర్మసమ్మతమైన ఉపాధిని, నీవు స్వీకరించే ఆచరణను ప్రసాదించు. తల్లిదండ్రుల దిగులును దూరం చేయి. కలిగినవారికి లేనివారి చదువుకు తోడ్పడే మనసునివ్వు. మా సంకల్పాలను నీ కోసమే శుద్ధి చేయి. ఆమీన్!